మా మరిది కట్టిన కోళ్ల గూడు

మొన్న మా బాల్కనీకి పావురాల వల కట్టడానికి ఇద్దరు మనుషులు వచ్చారు. కరీంనగర్‌లో మేముండే అపార్ట్‌మెంటుకు పావురాల బాధ ఎక్కువ. ఆరేసిన బట్టలు మళ్లీ ఉతుక్కోవడమే పనైపోయిందని మా ఆయన పట్టుబట్టి వాళ్లను పిలిపించాడు. ఒకతను స్టూలెక్కి గోడకు కొక్కేలు బిగించాడు, ఇంకొకతను వల పరిచి కట్టాడు. అంతా అయ్యాక ఆ రెండో అతను వలను గుప్పిట్లో పట్టి ఒక్కో మూలా గట్టిగా గుంజి చూశాడు. గుంజి, అది ఏమైనా చెబుతుందేమో విన్నట్టు ఒక్క క్షణం తల వంచి ఆగి, మళ్లీ గుంజాడు. వాళ్లకోసం టీ తెచ్చిన నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. టీ చల్లారుతోందని మా ఆయన అనేదాకా కదల్లేదు. అట్లా గుంజి, తల వంచి వినే మనిషిని నేను ఇంకొకరినే ఎరుగుదును. మా చెల్లెలి భర్త, నాకు మరిది. అతను గుంజి చూసింది పావురాల వల కాదు, కోళ్ల గూటి ఇనుప జాలి. కొన్నేండ్ల కిందటి ఆ వేసవి అంతా మా రెండిళ్ల వాళ్లకు ఆ గూడు తప్ప వేరే ధ్యాస లేదు.

అప్పుడు మేం మంథనికి కొంచెం ఇవతల, గోదావరి ఒడ్డుకు దగ్గరగా ఉన్న ఒక ఊళ్లో ఉండేవాళ్లం. నేను అక్కడి బడిలో పంతులమ్మను. మా అక్కచెల్లెళ్లిద్దరినీ ఆ ఊరికే ఇచ్చారు. ఊరొక్కటే కాదు, మా పెరటి గోడా వాళ్ల పెరటి గోడా కూడా ఒక్కటే. కూర గిన్నెలు, తోడు పెట్టిన పెరుగు, అలకలు, అన్నీ ఆ గోడ మీదుగానే అటూ ఇటూ పోయేవి. మధ్యలో ఒకచోట పైవరస ఇటుకలు ఊడిపోయి గండి పడింది. ఇద్దరిలో ఎవరమూ దాన్ని బాగు చేయించలేదు. మోచేతులు ఆనించుకుని మాట్లాడుకోవడానికి ఆ ఎత్తు మాకు సరిగ్గా సరిపోయేది.

మా మరిది పెళ్లయిన కొద్ది నెలలకే దుబాయి పోయాడు. అక్కడ షట్టరింగ్ పని. స్లాబు పోసే ముందు చెక్కలతో, సలాకలతో అచ్చు కడతారు చూడండి, అది. రెండేళ్లకో మూడేళ్లకో ఒకసారి రెండు నెలల సెలవు మీద వచ్చేవాడు. వచ్చినప్పుడల్లా సబ్బులు, సెంటు సీసాలు, ఒక మందపాటి దుప్పటి తెచ్చేవాడు. మా వైపు ఎండలకు ఆ దుప్పట్లను ఏం చేసుకోవాలో ఎవరికీ తెలిసేది కాదు. ఊళ్లో గల్ఫ్ పోయినవాళ్ల ప్రతి ఇంట్లోనూ బీరువా మీద ప్లాస్టిక్ సంచుల్లో అవి అట్లాగే కూర్చుని ఉండేవి. ఇక్కడ మా చెల్లెలు పొలం చేయించేది, నాట్లకు కూలీలను పిలుచుకునేది, బోరు మోటరు కాలిపోతే విప్పించి ఆటోలో వేసుకుని మంథనికి పోయి బాగు చేయించుకొచ్చేది. బిడ్డను పెంచి, నర్సింగ్ చదువుకు కరీంనగర్ హాస్టల్లో చేర్పించింది. బిడ్డ పోయాక ఆ ఇంట్లో సాయంత్రాలు మరీ పెద్దవైపోయాయి. అప్పుడే కోళ్లు పెట్టుకుంది.

అన్నీ నాటుకోళ్లే. మా అవ్వ ఇచ్చిన ఒక పెట్టతో మొదలై పెరడు నిండా అయ్యాయి. మనుషుల పేర్లు రాస్తే నొచ్చుకునేవాళ్లు ఉంటారని నేను ఇక్కడ ఎవరి పేరూ రాయడం లేదు గానీ, కోళ్ల పేర్లు రాస్తే అవి ఏమీ అనుకోవు. అందరికంటే పెద్దది ఎర్రది. మచ్చలది బొల్లి. మెడ నిక్కించుకుని ఎవరినీ లెక్కచేయకుండా నడిచేది పటేలమ్మ. పొద్దంతా అరుస్తూ ఏ పనీ చేయని పుంజు పేరు సర్పంచ్. సాయంత్రం నూకలు చల్లుతూ మా చెల్లెలు వాటితో మాట్లాడేది. గోడ ఇవతల కూర కడుగుతూ నేను వినేదాన్ని. ఊళ్లో విషయాలు నాకంటే ముందు ఆ కోళ్లకే తెలిసేవి.

ఆ వేసవిలో మా మరిది సెలవు మీద వచ్చాడు. మొదట్లో చూడవచ్చిన వాళ్లతో ఇల్లు నిండుగా ఉండింది. వాళ్లు వచ్చి, టీ తాగి, సబ్బులు తీసుకుని వెళ్లాక అతనికి ఏం చేయాలో తోచలేదు. అరుగు మీద కుర్చీ వేసుకుని కూర్చునేవాడు. తన ఇంట్లో తనే చుట్టంలా ఉన్నాడు. "తువ్వాల యాడున్నది?" అని అడిగేవాడు, తీసిచ్చేది. "నీళ్లు కాగినయా?" అనేవాడు, కాగినయనేది. అతని పెద్ద నీలం సూట్‌కేసు మంచం పక్కన నేల మీద మూత తెరిచే ఉండేది. చొక్కా కావాలంటే అందులోంచి తీసుకునేవాడు, ఉతికినవి మడిచి మళ్లీ అందులోనే పెట్టుకునేవాడు. బీరువాలో జాగా ఉందా అని అతను అడగలేదు, ఉందని మా చెల్లెలు చెప్పలేదు.

ఒకరోజు అతను ఊరికే కూర్చోలేక ఒక మాట అన్నాడు. "నేను పైసలు పంపుతనే ఉన్న గద. గీ కోళ్లెందుకు? ఇల్లంత వాసన. ఎవరికన్న ఇచ్చెయ్." మా చెల్లెలు నూకల చాట తీసుకుని పెరట్లోకి పోయింది. ఆ సాయంత్రం గోడ గండి దగ్గరికి వచ్చి మోచేతులు ఆనించింది. "రెండు నెలలు ఎట్లనో గడిస్తే అయిపాయె అక్కా," అంది. మొగుడు సెలవు మీద వస్తాడని ఊళ్లో ఆడవాళ్లు ఏండ్ల తరబడి ఎదురుచూస్తారు. వచ్చాక మా చెల్లెలి నోట వచ్చింది ఈ మాట.

మర్నాడు పొద్దున నేను ఇంకా వాకిలి ఊడుస్తున్నాను, గోడ అవతల నుంచి చెల్లెలు పిలిచింది. గొంతు మామూలుగానే ఉంది, అందుకే భయమేసింది. పోయి చూస్తే కోళ్లను మూసే పాత మట్టి గూటికి అడ్డంగా పెట్టిన పలక పక్కకు పడి ఉంది. దానికి దన్నుగా పెట్టిన రాయి దొర్లిపోయింది. అక్కడి నుంచి గోడ దాకా ఎర్రటి ఈకలు. ఎర్రది లేదు. మా చెల్లెలు ఏడవలేదు, ఎవరినీ తిట్టలేదు. వంగి ఈకలను ఒక్కొక్కటే ఏరి కొంగులో వేసుకుంటోంది. "పొలం కాంచి నేను వచ్చేదాక ఎర్రది దర్వాజ కాడనే నిలవడేదక్కా. లోపటికి పొమ్మన్న పోకపోతుండె," అంది నాతో. ఆమె వెనుక మా మరిది నోట్లో బ్రష్షుతో నిలబడి ఉన్నాడు. అతను వచ్చింది ఆమె చూడలేదు. ఆ మాట విని అతని చెయ్యి ఆగిపోయింది. నోరు కడుక్కుని లోపలికి పోయాడు. మళ్లీ వచ్చినప్పుడు చేతిలో కొలత టేపు ఉంది.

"ఏ దిక్కుకెళ్లి వచ్చిందంటవ్?" అని అడిగాడు ఆమెను. వచ్చినప్పటి నుంచి తువ్వాలు, నీళ్లు, అన్నం కాకుండా అతను ఆమెను అడిగిన మొదటి మాట అది.

ఆ తర్వాతదంతా పరుగే. మా ఆయనకు చిన్నప్పటి నుంచి పోలీసు కావాలని కోరిక. ఎత్తు చాలక పంచాయతీ ఆఫీసులో గుమస్తా అయ్యాడు. హత్య జరిగిందని తెలియగానే చెప్పులైనా వేసుకోకుండా వచ్చేశాడు. ఎవరూ ఏదీ ముట్టుకోవద్దన్నాడు. అప్పటికే అందరం అన్నీ తొక్కేశాం. మొదట వెనక వీధి కుక్కను అనుమానించాడు, తర్వాత ముంగిసను, ఆ తర్వాత మనిషినే. "పిల్లి కుక్క గాదు తమ్మీ, ఎవడో దావత్ చేసుకున్నడు," అని మా మరిదితో గుసగుసగా అన్నాడు. రుజువు కావాలి కదా. సాయంత్రం మా చెల్లెలు నీళ్లపొయ్యిలోని బూడిద తీసి, పిండి జల్లెడతో జల్లించి గూటి చుట్టూ, గోడ కింద పలచగా పరిచింది. మిగిలిన కోళ్లను గంపల కింద కమ్మి, గంపల మీద రోలు పొత్రం దగ్గర్నుంచి బరువున్నవన్నీ పెట్టాం. తెల్లవారి చూస్తే బూడిద నిండా అడుగులే. గుండ్రంగా, టీ గ్లాసు మూతి అంత ఉన్నాయి. గంపల చుట్టూ తిరిగి తిరిగి పోయింది. మా ఆయన మోకాళ్ల మీద కూర్చుని, ఫోనుతో ఫోటోలు తీసి, లేచి చేతులు దులుపుకుని, "చిరుత," అన్నాడు.

"చిరుతైతే కోడి కోసం ఎందుకొస్తది బావా? ఇంటి ముంగట మంచమేసుకోని పండిన నిన్నే ఎత్తుకపోతుండె," అంది మా చెల్లెలు. నేను నవ్వాపుకోలేకపోయాను. మా మరిది కూడా నవ్వాడు. ఆ నవ్వుకు ఆమె అతని వైపు తిరిగి చూసి, వెంటనే మళ్లీ బూడిద వైపు చూసింది. "గోళ్లు పడలే చూడుండ్రి. కుక్కవైతే గోళ్లు పడ్తయి. గిది పిల్లి జాతే. ఇంటి పిల్లి ఇంత పెద్దగుండది. గోదారి కాడి తుంగలకెళ్లి వస్తున్నది, అడవిపిల్లి." పొలం గట్ల మీద ఏండ్ల తరబడి ఒక్కతే నడిచిన మనిషి ఆమె. కాదనడానికి మా ఆయనకు కూడా ఏమీ దొరకలేదు, కేసు చేజారిపోయిందని కాస్త చిన్నబుచ్చుకున్నాడంతే.

మా మరిది అప్పటికప్పుడు బండి తీసి మంథని పోయి సన్నటి జాలి ఒక చుట్ట తెచ్చాడు. కోళ్ల ఫారాలకు కడతారే, ఆరు మూలల కళ్ల జాలి. పొద్దుగూకేలోపు మట్టి గూటి చుట్టూ కట్టేశాడు. పాత పలక స్థానంలో చిన్న తలుపు పెట్టాడు. అప్పుడే మొదటిసారి చూశాను అతను జాలిని గుప్పిట పట్టి గుంజి, తల వంచి వినడం. "ఏం వింటున్నవ్?" అని అడిగితే, "వదులుంటే గరగరమంటది వదినే. బిగువుగుంటే తీగ మోగినట్టు మోగుతది," అన్నాడు. అది బాగానే మోగింది. మేమందరం చప్పట్లు కొట్టినంత పని చేశాం.

పొద్దున చూస్తే ఒక మూల జాలి చీలిపోయి లోపలికి వంగి ఉంది. బొల్లి లేదు. మా మరిది ఆ చీలిక ముందు నేల మీద చతికిలబడి తెగిన తీగలను వేళ్లతో తడిమి చూశాడు. మా చెల్లెలు పక్కన నిలబడి ఉంది. ఇప్పుడు అంటాడు చూడు, కోళ్లను ఇచ్చెయ్యమని, అనుకున్నాను నేను. బహుశా ఆమె కూడా అదే అనుకుంది, అతను నోరు తెరవకముందే ముఖం గట్టిపడింది. కానీ అతను అన్నది వేరు.

"నేను దీన్ని కోళ్ల గూడనుకున్న. అదే పొరపాటైంది. బిల్డింగ్ అనుకోని కట్టాలె."

"అప్పటిదాక కోళ్లు యాడుంటయి?"

"ఇంట్ల."

"ఇల్లంత వాసనంటివి గద."

"రానియి," అన్నాడు అతను, దుమ్ము దులుపుకుని లేస్తూ.

ఆ రోజు నుంచి కోళ్లు ఇంట్లోకి వచ్చాయి. పగలంతా పెరట్లో తిరిగి, చీకటి పడగానే ముందుగదిలోంచి పడకగదిలోకి వరసగా నడిచి వచ్చేవి. మంచం కింద కొన్ని, కుట్టుమిషను మీద కొన్ని. సర్పంచ్‌కు మాత్రం మంచం కోడు మీదే నచ్చింది. ఇంకా తెల్లవారకముందే మా మరిది చెవిలో కూసేది. మొదటి రోజు అతను భూకంపం వచ్చిందనుకుని లేచి బయటికి ఉరికాడట. గోడ ఇవతల మా మంచం మీదికి వాళ్లిద్దరి మాటలు వినబడ్డాయి. ఏమన్నారో తెలియలేదు గానీ, ఆ ఇంట్లో ఆ వేళప్పుడు ఇద్దరి గొంతులు వినబడడమే నాకు పండగలా అనిపించింది.

అట్లా ఉండగా పటేలమ్మ ఒక పని చేసింది. మధ్యాహ్నం ఎవరూ చూడకుండా నీలం సూట్‌కేసులోకి దిగి, ఇస్త్రీ చొక్కాల మీద గుడ్డు పెట్టింది. మర్నాడు మళ్లీ పెట్టింది. వెళ్లగొట్టబోతే ఈకలు లేపి పొడవడానికి వచ్చింది. మా చెల్లెలు గోడ దగ్గరికి పరిగెత్తుకొచ్చి నన్ను పిలిచింది. నేనూ మా ఆయనా పోయేసరికి మా మరిది సూట్‌కేసు ముందు చేతులు కట్టుకుని నిలబడి ఉన్నాడు. "నా అంగీలు?" అన్నాడు దీనంగా. మా చెల్లెలు వంగి, పటేలమ్మ పొడుస్తున్నా లెక్కచేయకుండా ఒక్కో చొక్కా కిందనుంచి లాగింది. బీరువా తెరిచి తన చీరలను ఒక పక్కకు జరిపింది. ఉతకాల్సినవి బకెట్లో వేసి, మిగిలినవి ఆ జాగాలో సర్దింది. సూట్‌కేసులో గడ్డి పరిచి, ఇంకొన్ని గుడ్లు తెచ్చి పొదగేసింది. అతను ఆ బీరువా అరను చూస్తూ నిలబడ్డాడు. మా ఆయన ఏదో అనబోతే నేను మోచేత్తో పొడిచి ఇంటికి తీసుకొచ్చేశాను.

ఇక గూటి పని. నాకు బడి సెలవులు, మా ఆయనకు ఆఫీసు ఉన్నా లేనట్టే. మా మరిదిని అంత హుషారుగా నేను ఎన్నడూ చూడలేదు. పొద్దున లేచింది మొదలు నేల మీద సుద్దతో గీతలు గీయడం, చెరపడం. ఈసారి మంథనికి మా చెల్లెలిని కూడా బండి మీద ఎక్కించుకుని పోయాడు, జాలి ఆమే చూసి తీసుకోవాలని. దుకాణంలో ఆమె ఒక్కో రకం జాలి కళ్లలో వేలు పెట్టి చూసిందట. "నా వేలు పడ్తె దాని పంజ పడ్తది," అని. ఆ దుకాణం చాచా నవ్వి, లోపల్నుంచి చిన్న చిన్న చదరాల వెల్డింగ్ జాలి తెచ్చి ముందర వేసి, "ఇగ ఫికర్ చెయ్యకు బేటీ, దీంట్లకెళ్లి ఎలుకపిల్ల సుత రాదు," అన్నాడట. వచ్చేటప్పుడు ఆ చుట్టను ఇద్దరి మధ్యలో నిలబెట్టి పట్టుకుని వచ్చింది. ఎండకు ముఖం కందిపోయింది. బండి దిగుతూనే ఈ ముచ్చట్లన్నీ నాకు గడగడా చెప్పింది. కోళ్లకు చెప్పడం కూడా మరిచిపోయింది.

ముందు అడుగు లోతున కందకం తవ్వారు. జాలిని గోడగా నిలబెట్టడమే కాకుండా కింద బయటి వైపుకు మడిచి మూరెడు దాకా మట్టిలో పూడ్చి, మీద రాళ్లు పరిచారు. ఏ జంతువు తవ్వినా పంజాకు ఇనుమే తగలాలి. లోపల నేలకు సిమెంటు స్లాబు పోయాలన్నాడు. కోళ్ల గూటికి స్లాబేమిటని నేనంటే, "పందికొక్కులు బొక్క చేస్తె అండ్లకెళ్లి పాము సుత వస్తది వదినే," అన్నాడు. చెక్కలతో అచ్చు బిగించాడు, సలాకలు అల్లాడు. స్లాబు పోసిన రోజు మా ఆయన కొబ్బరికాయ కొట్టాడు. ఇంటి స్లాబుకు పట్టినట్టే దానికి రోజూ నీళ్లు పట్టారు, నిలిచిన నీళ్లను కోళ్లు వచ్చి తాగిపోయేవి. పైకప్పుకు రేకులు వేసి కొక్కేలతో బిగించాడు. తలుపు దగ్గర మొగుడూ పెళ్లాలకు పోట్లాట వచ్చింది. అతను చిన్నది చాలంటాడు, ఆమె పెద్దది కావాలంటుంది. "నేను వంగి లోపట ఊడ్వాలె గద. నువ్వొచ్చి ఊడుస్తవా?" అని ఆమె, "పెద్దగయితే బలం తక్కువైతది," అని అతను. గోడ ఇవతలికి వినబడేంత గట్టిగా, గంటసేపు. రెండు నెలలు ఎట్లనో గడిస్తే చాలన్న మనిషి ఇట్లా నోరు చేసుకుని కొట్లాడుతుంటే నా ప్రాణం లేచి వచ్చింది. చివరికి అతనే తలుపు విప్పి పెద్దది చేశాడు. పైన ఒక గడియ, కింద ఒక గడియ పెట్టాడు. దొంగ మనిషైతే ఎట్లా అని మా ఆయన తాళం కూడా తెచ్చాడు. ఆ కేసును ఆయన ఇంకా పూర్తిగా వదల్లేదు.

గూడు తయారైన సాయంత్రం నలుగురం నిలబడి చూశాం. నిజం చెప్పాలంటే మా ఊళ్లో చాలా ఇండ్ల కంటే గట్టిగా ఉంది. మా మరిది నాలుగు వైపులా జాలి గుంజి విన్నాడు. చుట్టూ తీగ మోగినట్టే మోగింది. పొద్దు వాలింది. కోళ్లు వచ్చాయి. తెరిచిన తలుపు ముందు ఆగాయి. సర్పంచ్ మెడ చాచి లోపలికి ఒకసారి, మా ముఖాల్లోకి ఒకసారి చూసి, వెనక్కి తిరిగి ఇంట్లోకి నడిచింది. దాని వెనకే మిగతావన్నీ. నూకలు చల్లాం, పిలిచాం, తరిమాం. ఒకటి మునగచెట్టు ఎక్కింది. దాని కోసం పోయి మా ఆయన నీళ్లు పట్టిన బురదలో జారి కూర్చున్నాడు. మా మరిది ముఖం చూస్తే జాలేసింది. "గింత గట్టిగ కడితిని. ఎందుకు పోవు?" అన్నాడు చిన్నపిల్లాడిలా.

మా చెల్లెలు నవ్వుతూనే ఉంది. "వాటికి గట్టిదెందుకు? ఎరుకైన జాగ కావాలె. నా ఎంబడి రా," అంది. ఇద్దరూ లోపలికి పోయారు. కాసేపటికి సూట్‌కేసును చెరో పక్కా పట్టుకుని బయటికి వచ్చారు. అందులో పటేలమ్మ గుడ్ల మీద కదలకుండా కూర్చుని ఉంది, ఊరేగింపులో కూర్చున్నట్టు. కుదుపు రాకుండా ఇద్దరూ ఒక్కో అడుగే వేస్తున్నారు. "మెల్లగ," అని ఆమె, "నువ్వు మెల్లగ," అని అతను. గూట్లో ఒక మూలకు సూట్‌కేసు దించారు. పటేలమ్మ గొంతులోంచి చిన్నగా కొక్కొక్కుమంది. ఆ పది పన్నెండు రోజులుగా ఆ సూట్‌కేసు చుట్టూ పడుకోవడం అలవాటైన మిగతా కోళ్లు ఒక్కొక్కటే బయటికి వచ్చి, గడప దగ్గర కాస్త తటపటాయించి, దాని వెనకే లోపలికి పోయాయి. చివరికి మునగచెట్టు మీది దాన్ని చేత్తో పట్టి లోపల వదిలాం. మా మరిది పై గడియ వేశాడు, మా చెల్లెలు కింది గడియ వేసింది.

నిద్ర ఎవరికి పడుతుంది. ఇంకా చుక్కలు ఉండగానే నలుగురం మా డాబా ఎక్కి పిట్టగోడ వెనుక కూర్చున్నాం. తూర్పు తెల్లబడుతున్న వేళకు మా ఆయన నా చెయ్యి గట్టిగా నొక్కాడు. గోడ గండిలో, మేం అక్కచెల్లెళ్లం మోచేతులు ఆనించుకునే చోటనే, అది నిలబడి ఉంది. పొడుగు కాళ్లు, నిక్కిన చెవులు, పొట్టి తోక. ఏ చప్పుడూ లేకుండా దిగింది. గూటి చుట్టూ ఒకసారి తిరిగింది. జాలి మీద పంజా వేసి గుంజింది. జాలి మోగింది. లోపల కోళ్లు గోల పెట్టాయి, సర్పంచ్ గొంతు అన్నిటికంటే పైన వినబడింది. అది అడుగున గీకింది, ఇనుము తగిలి వెనక్కి తీసింది. తలుపు దగ్గరికి పోయింది, ముందు కాళ్లు ఆనించి నిలబడింది. ఒక్క దూకులో రేకుల మీదికి ఎక్కింది. మా గుండెలు కూడా దానితో పాటే దూకాయి. రేకుల మీద అటూ ఇటూ నడిచి, సందు దొరక్క, అక్కడే కూర్చుని తీరిగ్గా పంజా నాకుకుంది. తర్వాత దిగి, వచ్చిన దారినే, ఏమీ జరగనట్టు గండి ఎక్కి వెళ్లిపోయింది.

మొదట మా చెల్లెలే నవ్వింది. నవ్వు ఆపుకోలేక నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది, అయినా ఆగలేదు. పెళ్లికి ముందు మా అవ్వ దగ్గర ఉన్నప్పుడు అట్లా నవ్వేది. ఆ నవ్వు ఆమెకు ఇంకా ఉందని నేను మరిచిపోయాను. ఆమె ఇంకో చెయ్యి అప్పటిదాకా మా మరిది మణికట్టును పట్టుకునే ఉందని అప్పుడు చూశాను. అతను కదలకుండా కూర్చుని ఉన్నాడు. "ఆగింది గదా," అన్నాడు మెల్లగా, ఆమెతోనే. "ఎన్నో బిల్డింగులు కట్టిన. ఎవరున్నరో, ఎట్లున్నరో ఒక్కదాంట్ల సుత చూడలే." మా ఆయన పెద్దగా దగ్గి, కిందికి పోయి టీ పెడదామన్నాడు.

కొద్ది రోజులకు సూట్‌కేసులో పిల్లలు లేచాయి. హాస్టల్ నుంచి బిడ్డ వచ్చి, వాళ్ల బాపు వాటికి తవుడు కలుపుతుంటే గుమ్మంలో నిలబడి వింతగా చూసింది. సెలవు అయిపోయి అతను బయలుదేరే రోజు వచ్చింది. నీలం సూట్‌కేసు కోళ్లదైపోయింది గనక మా ఇంట్లోదొకటి ఇచ్చాం. ఏడుపులు మామూలే. తేడా ఫోన్లలో వచ్చింది. అంతకుముందు ఫోను చేస్తే పైసలు అందినయా, అందినయ్, ఆరోగ్యం మంచిదేనా, మంచిదే, అక్కడితో అయిపోయేది. ఇప్పుడు పొద్దుగూకగానే మోగేది. "కోళ్లు గూడెక్కినయా?" అనేది మొదటి మాట. మా చెల్లెలు ఫోను పట్టుకుని గూటి దాకా నడిచేది, జాలి గుంజి అతనికి వినిపించేది. అక్కడి నుంచి మాటలు పొలానికి, బిడ్డకు, ఆమె వండిన కూరకు, అతను తిన్న రొట్టెకు పోయేవి. గోడ ఇవతల నా అంట్లు తోమడం అయిపోయేది గానీ వాళ్ల మాటలు అయ్యేవి కావు. మరుసటి ఏడాది కాంట్రాక్టు అయిపోగానే, ఇక పోనని వచ్చేశాడు. ఇప్పుడు చుట్టుపక్కల ఊళ్లలో స్లాబుల పని చేయిస్తున్నాడు. మాకు కరీంనగర్ బదిలీ అయింది. గూడు మాత్రం అక్కడే ఉంది. తర్వాత వాళ్లు బాత్రూం కట్టుకోవాల్సి వస్తే, దాన్ని కదిలించడం ఎవరి వల్లా కాక బాత్రూంనే పక్కకు జరిపి కట్టుకున్నారు.

ఈ మధ్య చుట్టాల పెళ్లిలో ఎవరో మా చెల్లెలిని అడిగారు, మీ పెళ్లయి ఎన్నేండ్లయిందని. ఆమె ఒక లెక్క చెప్పింది. పక్కనే మా మరిది ఉన్నాడు, అవునన్నట్టు తల ఊపాడు. నర్సు ఉద్యోగం చేస్తున్న బిడ్డను ఎదురుగా పెట్టుకుని అంత తక్కువ లెక్క ఎట్లా చెబుతుందని, ఆ ప్రశ్న అడిగినావిడ తెల్లబోయింది. ఆమె పోయాక నేను, "గదేందే, గూడు కట్టకముందు గన్ని ఏండ్లు యాడ వోయినయి?" అన్నాను. "అవి సుత లెక్కలకొస్తయా అక్కా?" అంది మా చెల్లెలు, విస్తట్లోని మిఠాయి తీసి అతని విస్తట్లో వేస్తూ. ఎంతోమంది పిల్లల లెక్కలు దిద్దిన దాన్ని నేను. ఏండ్లను లెక్కపెట్టడం ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో మాత్రం ఎవరికి వాళ్లకే తెలుస్తుందని ఆ లెక్కను అట్లాగే ఉంచేశాను.